రక్తపరీక్షలో ‘పాజిటివ్’ వచ్చినవన్నీ బాబుకు మానిపించాల్సిందేనా?

ఖమ్మం జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఎనిమిది నెలల బాబు తల్లి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దని కోరారు. బాబుకు మూడో నెల నుంచే బుగ్గల మీద, చేతుల మీద చర్మం ఎర్రబడి పొరలు కట్టేది. డాక్టరు ఎగ్జిమా అన్నారు. ఆరో నెలలో అన్నప్రాసన నాడు బంగారు ఉంగరంతో పరమాన్నం నాలుకకు తాకించిన పది నిమిషాల్లోనే నోటి చుట్టూ దద్దుర్లు లేచాయి, కనురెప్పలు వాచాయి, బాబు వాంతి చేసుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళకు ఉడికించిన గుడ్డు పచ్చసొన రుచి చూపిస్తే మళ్ళీ దద్దుర్లు. భయపడి ఒక ల్యాబులో ముప్పైకి పైగా పదార్థాలకు రక్తపరీక్ష చేయించారు. పాలు, గుడ్డు, వేరుశెనగ, శెనగ, పెసర, కంది, గోధుమ, టమాటా అన్నింటికీ ‘పాజిటివ్’ అని వచ్చింది. అప్పటికి నెల రోజులుగా పెసరపప్పు, కందిపప్పు వేసిన ఉగ్గు, గోధుమరవ్వ జావ, టమాటా పప్పుచారు ఏ ఇబ్బందీ లేకుండా తింటున్న బాబుకు అవన్నీ ఆపేశారు. ఇప్పుడు తల్లిపాలు, పలుచని బియ్యపు జావ, ఉడికించిన సొరకాయ మాత్రమే పెడుతున్నారు. ఆరు నెలలప్పుడు 7.1 కిలోలున్న బరువు ఇప్పుడు 7.3 దగ్గర ఆగింది.

తన పాలు ఇస్తున్నారు కనుక ఆమె కూడా ఐదు వారాలుగా అవన్నీ మానేశారు. ఆరు కిలోలు తగ్గారు, పాలు కూడా తగ్గినట్టు అనిపిస్తోంది. బాబు చర్మం మాత్రం ఏమీ మెరుగుపడలేదు. అత్తగారు ‘మన ఇంటావంటా లేని రోగం’ అంటూ మేకపాలు పట్టమంటున్నారు, వీధిలోకి వచ్చే గాడిదపాలైనా పట్టమంటున్నారు. ఒకరోజు చెప్పకుండా అన్నంలో నెయ్యి కలిపి పెడితే పెదవుల చుట్టూ ఎర్రబడింది. భర్త హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ వారాంతంలో వస్తారు. వచ్చే నెల ఆమె ఒక ప్రైవేటు కంపెనీలోని తన ఉద్యోగంలో తిరిగి చేరాలి. ‘బాబుకు ఏం పెట్టాలి? నా పాలే వాడికి విషమవుతున్నాయా? డబ్బాపాలకు మారాలా? అత్తయ్యగారికి ఎలా చెప్పాలి? గుడ్డు పడనివాడికి తొమ్మిదో నెల టీకా వేయించవచ్చా?’ అని అడిగారు.

సమాధానం

అమ్మా, ముందు విషం అన్న మాట దగ్గర నుంచే మొదలుపెడతాను. మీ పాలు మీ బాబుకు విషం కాదు. మొదటి ఆరు నెలలూ మీరు పాలు, పెరుగు, పప్పు, గుడ్డు అన్నీ తింటూ పాలిచ్చారు, బాబు 7.1 కిలోలకు ఎదిగాడు. పాలు తాగిన వెంటనే దద్దుర్లు లేచిన సందర్భం ఒక్కటీ మీరు రాయలేదు. తల్లి తిన్న ఆహారంలోని ప్రొటీన్ అతి కొద్ది మోతాదులో తల్లిపాలలోకి వస్తుందన్న మాట నిజమే, ఆ కొద్దిపాటికే కొందరు పిల్లలకు మలంలో జిగురూ రక్తపు చారలూ కనబడతాయన్నదీ నిజమే. కానీ బాబుకు విరేచనం మామూలుగానే అవుతోందని మీరే రాశారు. అన్నింటికన్నా ముఖ్యమైన సాక్ష్యం మీ ఐదు వారాల పథ్యమే. ఒక పదార్థం తల్లి ద్వారా బిడ్డను బాధపెడుతూ ఉంటే, దాన్ని మానేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా తెలియాలి. మీ విషయంలో తెలియలేదు. అంటే మీరు పడ్డ కష్టానికి బాబుకు దక్కిన ప్రయోజనం కనబడటం లేదు, మీ ఒంటికి జరిగిన నష్టం మాత్రం కనబడుతోంది.

ఇక ఆ రక్తపరీక్ష సంగతి. దానిలో కొలిచేది ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని. ఒక పదార్థానికి అది రక్తంలో కనబడితే, శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే అర్థం; తింటే ప్రమాదం జరుగుతుందని అర్థం కాదు. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఇలాంటి ‘పాజిటివ్’లు మరీ ఎక్కువగా వస్తాయి. అందుకే తెలిసిన వైద్యులు ముందు ఏం తిన్నాడు, ఎంతసేపటికి ఏం జరిగింది అని అడిగి, అనుమానం ఉన్న ఒకటి రెండింటికే పరీక్ష రాస్తారు. ముప్పై పదార్థాలను ఒకేసారి జల్లెడ పట్టమని చెప్పరు. ఐజీజీ అనే మరో ప్రతిరక్షకం పేరుతో అమ్మే ‘ఫుడ్ ఇన్‌టాలరెన్స్’ పరీక్షలైతే అలర్జీని తేల్చడానికి అసలు పనికిరావు. రేపు ఎవరైనా అదీ చేయించమంటే డబ్బు వృథా చేసుకోకండి.

కాబట్టి ఆ కాగితాన్ని పక్కనపెట్టి, మీరు కళ్ళారా చూసినదాన్ని ఆధారం చేసుకుని బాబు ఆహారాన్ని మూడు భాగాలుగా విడదీద్దాం. పాలు, గుడ్డు రెండూ మొదటి భాగం. తిన్న నిమిషాల్లో దద్దుర్లు, వాపు, వాంతి వచ్చాయి, పరీక్ష కూడా అదే చెబుతోంది. వీటి విషయంలో సందేహం లేదు, నేరుగా పెట్టకూడదు. బాబు ఎప్పుడూ తినని, పరీక్షలో పాజిటివ్ వచ్చిన వేరుశెనగ, శెనగ రెండో భాగం. ఇవి పడతాయో పడవో ఇప్పటికి ఎవరూ చెప్పలేరు, వైద్యుల సమక్షంలో తేల్చుకోవాలి. పెసర, కంది, గోధుమ, టమాటా మూడో భాగం. వీటిని బాబు నెల రోజులు తిని హాయిగా ఉన్నాడు. తిని అరిగించుకున్న ఆహారం కన్నా బలమైన పరీక్ష లేదు. వీటిని తిరిగి పెట్టడమే సరైన దారి అని నా అభిప్రాయం. అయితే ఒక జాగ్రత్త ఉంది. ఎగ్జిమా ఉన్న బిడ్డ అలవాటైన ఆహారాన్ని చాలాకాలం మానేస్తే, తిరిగి పెట్టినప్పుడు కొత్తగా అలర్జీ బయటపడిన సందర్భాలు ఉన్నాయి. మీకు గడిచింది ఐదు వారాలే. ఇంకా ఆలస్యం చేయకుండా మీ పిల్లల డాక్టరుకు ఈ మూడు భాగాల లెక్క చెప్పి, ఇంట్లో మొదలుపెట్టవచ్చా, ఆసుపత్రిలో ఒక పూట కూర్చోబెట్టి పెట్టాలా అని అడగండి. ఇంట్లోనే అంటే ఆయనకు ఫోన్ అందే రోజున, ఉదయం పూట, బాబుకు జలుబూ జ్వరమూ లేనప్పుడు, చెంచా కొసన పప్పునీళ్ళతో మొదలుపెట్టి రెండు గంటలు కనిపెట్టి ఉండండి. మూడు రోజులు కొద్దికొద్దిగా పెంచి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్ళండి. ఒకసారి పడిందని తేలినదాన్ని వారానికి రెండు మూడుసార్లయినా పెడుతూ ఉండాలి, మానకూడదు.

మానడం వల్ల నష్టమేమీ లేదు కదా, జాగ్రత్తకు మానేద్దాం అని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు వైద్యులూ అలాగే చెప్పేవారు. ఆ ఆలోచనను మార్చిన పరిశోధన ఒకటి లండన్‌లో జరిగింది, ఫలితాలు 2015లో వచ్చాయి. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లలను, నాలుగు నుంచి పదకొండు నెలల వయసులో, రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వేరుశెనగ పదార్థాలు క్రమం తప్పకుండా పెట్టారు, రెండో జట్టుకు ఐదేళ్ళ దాకా పూర్తిగా మానిపించారు. మొదట్లో చర్మపరీక్షలో (పదార్థాన్ని చర్మం మీద వేసి సన్నగా గుచ్చి చూసే పరీక్ష) ఏమీ తేలని పిల్లల్లో, మానినవారిలో 13.7 శాతం మందికి వేరుశెనగ అలర్జీ వచ్చింది, తిన్నవారిలో 1.9 శాతం మందికే వచ్చింది. మీ బాబు సరిగ్గా అలాంటి పిల్లవాడే: ఎగ్జిమా ఉంది, గుడ్డు పడదు. కాబట్టి వేరుశెనగ విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఏళ్ళ తరబడి పెట్టకుండా వదిలేయవచ్చు. ఈ పూటకు ప్రశాంతంగా ఉంటుంది గానీ అలర్జీ స్థిరపడే అవకాశం పెరుగుతుంది. ధైర్యం చేసి ఇంట్లోనే పెట్టి చూడవచ్చు. పరీక్షలో పాజిటివ్ వచ్చిన ఈ బిడ్డకు ఆ సాహసం మాత్రం దయచేసి చేయవద్దు. మూడోది, అలర్జీ నిపుణుల దగ్గర చర్మపరీక్ష చేయించి, వారు సరేనంటే వారి ఎదుటే మెత్తని వేరుశెనగ ముద్ద కొద్దికొద్దిగా తినిపించి చూడటం. ఒకరోజు ప్రయాణం, కొంత ఖర్చు అవుతాయి, కానీ అనుమానం తీరిపోతుంది. మీ భర్త హైదరాబాదులోనే ఉన్నారు కనుక అపాయింట్‌మెంట్ తీసుకునే పని ఆయనకు అప్పగించండి. శెనగ సంగతీ అదే పూట అడగండి. పప్పులన్నీ ఒకే జాతి కాబట్టి ఒకటి పడకపోతే అన్నీ పడవని ఎవరైనా అంటే నమ్మకండి. చాలామంది పిల్లలకు ఒకటి పడకపోయినా మిగతావి పడతాయి.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. బాబుకు రోజూ శెనగపిండి, పెసరపిండి, పాలమీగడ కలిపిన సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం చేయిస్తున్నామని ఉత్తరంలో మరో సందర్భంలో రాశారు. అది ఈ రోజే ఆపండి. నోటి ద్వారా లోపలికి వెళ్ళిన ఆహారాన్ని శరీరం ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. పగిలిన చర్మం ద్వారా వెళ్ళినదాన్ని శత్రువుగా నేర్చుకునే అవకాశం ఉంది. ఎగ్జిమా ఉన్న చర్మం అంటే పగుళ్ళున్న గోడ లాంటిది. దాని మీద, బాబుకు పడని పాలమీగడతో సహా, రోజూ తిండిపదార్థాలు రుద్దడం మంచిది కాదు. గోరువెచ్చని నీళ్ళతో తక్కువసేపు స్నానం చేయించి, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ దళసరిగా రాయండి. ఎర్రబడినచోట డాక్టరు రాసిన స్టెరాయిడ్ క్రీమును చెప్పినన్ని రోజులు వాడండి. స్టెరాయిడ్ అన్న పేరుకే భయపడి సగంలో మానేయడం వల్ల చర్మం మానక, మళ్ళీ తిండి మీద అనుమానం మొదలవుతుంది. చాలామంది పిల్లల్లో ఎగ్జిమాకు మూలం తిండి కాదు, చర్మమే.

మీ తిండికి వద్దాం. అన్నీ మానేసి ఇలాగే కొనసాగితే మీ ఒళ్ళు ఇంకా తగ్గుతుంది, చివరికి తల్లిపాలే ఆగిపోయే పరిస్థితి రావచ్చు. అన్నీ ఒకేరోజు మొదలుపెడితే, ఏదైనా తేడా వస్తే దేనివల్లనో తెలియదు. రెండింటికీ మధ్య దారి ఉంది. ముందు పప్పులు, గోధుమ, టమాటా ఈ వారంలోనే తిరిగి తినండి. ఆ తర్వాత డాక్టరుతో మాట్లాడి పెరుగు, మజ్జిగ, గుడ్డు నాలుగైదు రోజుల ఎడంతో ఒక్కొక్కటిగా చేర్చుకోండి. ఒకవేళ మీ పాలు తాగాక బాబుకు నిజంగా తేడా కనబడితే ఆ ఒక్కటే మానండి. అది పాలు, పెరుగు అయితే కాల్షియం, విటమిన్ డి మాత్రలు అడిగి తీసుకోండి.

ఇప్పుడు బాబు పళ్ళెం. ఈ వయసులో నెలకు సుమారు 300 నుంచి 400 గ్రాములు పెరగాల్సిన బిడ్డ రెండు నెలల్లో 200 గ్రాములే పెరిగాడు. దీన్ని అలర్జీ జబ్బుగా కాక తిండి చాలకపోవడంగా చూడండి. పలుచని బియ్యపు జావ, సొరకాయ రెండింటిలోనూ ఉండేది ఎక్కువగా నీళ్ళే. జావ చిక్కదనానికి ఒక గుర్తు చెబుతాను: చెంచా వంచితే జావ ధారగా కారకూడదు, చెంచాకు అంటుకుని మెల్లగా జారాలి. రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పట్టించిన పిండితో కాస్తే జావ అంత తొందరగా గట్టిపడదు, కాబట్టి అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలు పట్టని బిడ్డకు అది పెద్ద అండ. ప్రతి గిన్నెలోనూ ఒక చెంచా నూనె కలపండి. నెయ్యి వద్దు; ఎంత కాచి వడకట్టినా అందులో పాల ప్రొటీన్ జాడ ఉంటుంది, బాబు పెదవులే ఆ సంగతి చెప్పాయి. గానుగలో ఆడించిన వేరుశెనగ నూనె కూడా ప్రస్తుతానికి వద్దు, అందులో ప్రొటీన్ మిగిలి ఉంటుంది. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె గానీ తవుడు నూనె గానీ సరిపోతుంది. మీరు మాంసాహారులే కనుక మెత్తగా ఉడికించి మెదిపిన కోడిమాంసం, మేక కాలేయం కొద్దిగా పెట్టవచ్చు. ఆరు నెలలు దాటిన బిడ్డకు ఇనుము తల్లిపాల నుంచి చాలదు. గుడ్డు పడని పిల్లల్లో ఎక్కువమందికి కోడిమాంసం పడుతుంది. అరటిపండు, చిలగడదుంప, గుమ్మడి, ఆకుకూరలు ఒక్కొక్కటిగా చేర్చండి. ఇనుము చుక్కలు, రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి గురించి డాక్టరును అడగండి. రెండు వారాలకోసారి అంగన్‌వాడీలో తూకం వేయించి కార్డులో రాయించండి. అక్కడ ఇచ్చే బాలామృతం మాత్రం బాబుకు పెట్టవద్దు, అందులో గోధుమ, శెనగపప్పుతో పాటు పాలపొడి కూడా ఉంటుంది. బిస్కెట్లు, ప్యాకెట్ ఉగ్గుల మీద అలర్జీ సమాచారం చదవడం అలవాటు చేసుకోండి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలు, గుడ్డు, వేరుశెనగ, గోధుమ, సోయా, చేపలు వంటివి ఉంటే ఆ సంగతి ప్రకటించి తీరాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు కనుక నువ్వుల కోసం పదార్థాల పట్టిక మొత్తం చదవాలి.

మేకపాల సలహాలో అత్తయ్యగారి ప్రేమ నాకు అర్థమవుతోంది, కానీ ఆవుపాలు పడని పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది మేకపాలకు కూడా అలాగే స్పందిస్తారు. గేదెపాలూ అంతే. గాడిదపాలు కొందరికి పడినా, వాటిలో కొవ్వు చాలా తక్కువ, వీధిలో పితికి ఇచ్చే పచ్చిపాలతో వచ్చే ఇన్ఫెక్షన్ల భయం వేరే. ఇక డబ్బాపాలు. మీ పాలు కొనసాగుతుంటే, చిక్కని ఆహారం పెడుతుంటే వాటి అవసరం రాకపోవచ్చు. నెల రోజుల తర్వాత కూడా బరువు కదలకపోతే ఆలోచించాలి. అప్పుడు కూడా మామూలు డబ్బాపాలు గానీ, ‘లాక్టోస్ లేనివి’ అని అమ్మేవి గానీ పనికిరావు. బాబుకు పడనిది పాలలోని చక్కెర కాదు, ప్రొటీన్. ఆ ప్రొటీన్‌ను పూర్తిగా చిన్న ముక్కలు చేసిన ప్రత్యేకమైన పాలపొడి ఉంటుంది. ఎక్కువమందికి పడుతుంది, కానీ ఖరీదు ఎక్కువ, రుచి చేదు. సోయా ఆధారిత పాలపొడి దానికన్నా చవక, ఆరు నెలలు దాటాక ఇవ్వవచ్చు, అయితే పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు. బాదంపాలు, బియ్యపు పాలు, కొబ్బరిపాలు ఏడాది లోపు బిడ్డకు తల్లిపాలకు బదులు కాలేవు.

మీరు ఉద్యోగంలో చేరినంత మాత్రాన తల్లిపాలు ఆపనక్కరలేదు. మీ సంస్థకు ప్రసూతి ప్రయోజనాల నిబంధనలు వర్తిస్తే, బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం అడిగే హక్కు మీకుంది. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తాయి. ఖమ్మం ఎండలకు బయట ఉంచవద్దు, ఆఫీసు నుంచి ఐస్ పెట్టిన పెట్టెలో తెచ్చుకోండి.

అత్తయ్యగారి విషయంలో గొడవపడి బాబును ఆమె చేతికి ఇవ్వకుండా ఉండటం ఒక దారి, కానీ మీరు ఆఫీసుకు వెళ్ళాక బాబును చూసుకునేది ఆవిడే. ఏమీ అనకుండా ఊరుకుంటే రేపు నెయ్యికి బదులు పెరుగు పెట్టవచ్చు. నేనైతే ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆవిడను కూడా తీసుకువెళ్ళమంటాను. కోడలు చెబితే అనుమానంగా తోచేది డాక్టరు నోట వింటే నమ్మకం కలుగుతుంది. అన్నప్రాసన నాటి ఫొటోల్లో వాచిన కళ్ళతో బాబు ఉన్న ఫొటో ఆవిడకు మరోసారి చూపించండి. ఆవిడ మీద తప్పు మోపినట్టు కాకుండా, ‘అత్తయ్యా, రాగిపిండి మీరు చేసినట్టు నాకు రాదు, బాబు జావ పని మీరు చూసుకోండి’ అని అడగండి. మీ భర్త కూడా తల్లితో ఇదే మాట చెప్పాలి. ఈ భారం మీ ఒక్కరి మీద వేయడం న్యాయం కాదు.

ఇంట్లో అందరూ నేర్చుకోవాల్సింది ఒకటి ఉంది. దద్దుర్లు మాత్రమే వస్తే డాక్టరు రాసిన అలర్జీ సిరప్ చాలు. కానీ గొంతు బొంగురుపోయినా, ఊపిరి పిల్లికూతలుగా వచ్చినా, ఆగకుండా వాంతులైనా, బాబు సోలిపోయినా, తెల్లబడినా సిరప్‌తో ఆగేది కాదు. అప్పుడు కావలసింది తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. విదేశాల్లోలా పెన్ను రూపంలో అది మన దగ్గర సులభంగా దొరకదు కనుక, బాబు బరువుకు తగిన మోతాదు, ఇంట్లో ఉంచుకోవాలా, ఎలా ఇవ్వాలి అన్నవి నిపుణులను అడిగి, వారిని చేసి చూపించమని కోరి, మీరూ అత్తయ్యగారూ నేర్చుకోండి. ఆ సమయంలో బాబును ఎత్తుకుని నిలబెట్టకుండా పడుకోబెట్టి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పాలు, గుడ్డు అలర్జీలు సాధారణంగా జీవితాంతం ఉండేవి కావు. ఎక్కువమంది పిల్లలు బడికి వెళ్ళే వయసుకు బయటపడతారు. కేకులో, బిస్కెట్‌లో బాగా కాలిన పాలు, గుడ్డు ముందుగా పడటం మొదలవుతుంది. దాన్ని ఎప్పుడు, ఏ మోతాదులో పరీక్షించాలో ఏడాది నిండాక నిపుణులే చెబుతారు. ఈ బాబుకు నిమిషాల్లో స్పందన వచ్చింది కనుక మీరు ఇంట్లో ప్రయత్నించవద్దు.

చివరిగా టీకా. తొమ్మిది నెలలు నిండగానే ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) టీకా వేయించండి, గుడ్డు అలర్జీ దానికి అడ్డు కాదు. పాలు పడవన్న సంగతి మాత్రం టీకా వేసేవారికి ముందే చెప్పి, అత్యవసర వైద్యం అందే ఆసుపత్రిలో వేయించుకుని, అరగంట అక్కడే ఉండి ఇంటికి రండి.